కొమరోల్లో ఆగిన కారు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన మొదటి ఎండాకాలం, మా ఇంట్లో రైలుకూ కారుకూ తగాదా నడిచింది. నేను మార్కాపురం కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఇంట్లో గొంతు పెంచి మాట్లాడుకోవడం వినడం నాకదే మొదలు.

మా మామ వెంకటరామయ్యది పలకల వ్యాపారం. గనుల నుంచి వచ్చిన రాయిని పలచగా చీల్చి, కోయించి, చెక్క చట్రాలు బిగించి, వరిగడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది రైలుకెక్కించడం ఆయన పని. ఆయన పలకలు బొంబాయి చూశాయి, కలకత్తా చూశాయి. ఆయన మాత్రం గుంటూరు దాటలేదు. అంతకుముందు వానాకాలంలో ఆయనకు టైఫాయిడు వచ్చి మంచం పట్టాడు. ఇక ఆశ లేదనుకున్న రోజున మా అత్త రామతులసమ్మ, మనిషి లేచి కూర్చుంటే ఇద్దరం రామేశ్వరం వస్తామని మొక్కుకుంది. మనిషి లేచి కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే ఉండక, రామేశ్వరానికి ఎట్లా పోవాలన్న చర్చ మొదలుపెట్టాడు.

చర్చకు రెండో పక్షం అత్త తమ్ముడు నాగభూషణరావు. నాకు చిన్నాయన వరస. గిద్దలూరులో బట్టల దుకాణం. కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో పనున్నా లేకున్నా అక్కడికి పోయి వస్తూ ఉండేవాడు. మంత్రులను చూడటానికి అని చెప్పేవాడు గానీ, ఆయన చూసిందల్లా వాళ్లు దిగిన కార్లనే. రాజధాని వెళ్లిపోయాక అక్కడ పని లేక మిగిలిపోయిన బాడుగ కారొకటి గిద్దలూరుకు వచ్చి చేరింది. నల్లగా, పెద్దగా, ముందు భాగం గేదె మొహంలా ఉండేది. కొన్నవాడు చిన్నాయనకు స్నేహితుడు. రామేశ్వరానికి ఆ కారు బాడుగకు మాట్లాడుకుని పోవాలని చిన్నాయన పట్టుబట్టాడు.

"ఒక మంత్రి కూర్చున్న కారు బావా అది," అన్నాడు మొదటి రోజు.

"కూర్చున్నాయన దిగిపోయినాడు గదా. ఎందుకు దిగినాడో కనుక్కున్నావా?" అన్నాడు మామ.

అక్కడ మొదలైంది. ఆ చైత్రం, వైశాఖం చిన్నాయన వారానికొకసారి బస్సెక్కి మార్కాపురం వచ్చి, దుకాణం అరుగు మీద కూర్చుని కారు గొప్పలు చెప్పేవాడు. మామ పలకలు తట్టి చూసుకుంటూ ఒక్కొక్క మాటకూ జవాబిచ్చేవాడు. రైలు పట్టాల మీద పోతుంది, పట్టాలు ఎటు పోతే అటే, దారి తప్పడమనే మాటే లేదు. నీ కారుకు దారి ఎవరు చెప్తారని మామ అడిగేవాడు. నోరుంది, అడుగుతామని చిన్నాయన అనేవాడు. అరవ దేశంలో నీ నోరు ఎవరికి అర్థమవుతుందని మామ. రైల్లో మాత్రం అరవం రాదా అని చిన్నాయన. రైలుకు భాషతో పని లేదని మామ.

మామ దగ్గర ఇంకొక పెద్ద మాట ఉంది. దాన్ని చాలా రోజులు దాచుకుని, అరుగు మీద జనం బాగా చేరిన ఒక సాయంత్రం బయటికి తీశాడు. రామేశ్వరం సముద్రంలో ఉంది. అక్కడికి పోయేది రైలొక్కటే. కారు సముద్రం ఒడ్డున నిలబడి చూడాల్సిందే.  ఆ వారం బస్సెక్కి గిద్దలూరు పోయిన చిన్నాయన పైవారం రాలేదు. ఆ తర్వాతి వారం నవ్వుతూ దిగాడు. సముద్రం ఒడ్డున మండపం అనే ఊరి దాకా కారు, అక్కడి నుంచి రైలు. రెండూ ఎక్కినట్టు ఉంటుంది, బావ పంతమూ నిలబడుతుంది అన్నాడు.

ఊరు రెండుగా చీలింది. స్టేషను ఊరికి దూరం కాబట్టి జట్కాల వాళ్లంతా రైలు పక్షం. కాఫీ హోటల్లో కుర్రకారంతా కారు పక్షం. మా ఆయన తండ్రి ముందు రైలంటే, మేనమామ ముందు కారనేవాడు. ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉన్నప్పుడు గోదాములో పనుందని లేచేవాడు. మొక్కింది ఎవరో ఆ గోలలో అందరూ మరిచిపోయారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున మిద్దె మీద నేనూ అత్తా వడియాలు పెడుతున్నాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అత్త ఒక వడియం పెట్టి, దాన్ని చూసి, "మా చెన్నమ్మ పెడితే ఇంతకన్నా తెల్లగా వస్తాయి," అంది.

చెన్నమ్మ ఎవరని అడిగాను. చెల్లెలట. ఆమెకొక చెల్లెలుందని నాకు అప్పుడే తెలిసింది. గిద్దలూరు అవతల కొమరోల్లో ఉంటుంది. భర్త రంగయ్యకు అక్కడ కిరాణా దుకాణం. అత్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పిండి గిన్నె సగం ఖాళీ అయ్యేలోపు కొంచెం కొంచెంగా ఆ కథ చెప్పింది.

చాలా ఏళ్ల కిందట కొమరోల్లో బడి పెద్దది చేశారని రంగయ్య తన దుకాణంలో పలకలు అమ్ముదామనుకున్నాడు. తోడల్లుడు కదా అని మామ ఒక పెట్టె సర్దించి పంపాడు. పెట్టె గిద్దలూరు దాకా రైల్లో పోయింది. అక్కడి నుంచి రంగయ్య ఎద్దులబండిలో కొమరోలు చేరింది. మూత తీస్తే లోపల నిండు పలక ఒక్కటీ లేదు. రైలు పగలగొట్టిందని రంగయ్య కబురు పెట్టాడు. రైలు పలకలు పగలగొట్టదు, నీ బండే పగలగొట్టిందని మామ తిరుగు కబురు పెట్టాడు. నా బండి ఎప్పుడూ ఏమీ పగలగొట్టలేదని రంగయ్య. నీ బండి సంగతి నీ ఎద్దులను అడగమని మామ. చివరికి రంగయ్య ఆ ముక్కలన్నీ అదే పెట్టెలో, అదే గడ్డిలో సర్ది వెనక్కి పంపాడు. మామ మూత కూడా తీయకుండా మళ్లీ పంపాడు. ఆ పెట్టె రెండూళ్ల మధ్యా తిరిగి తిరిగి ఎక్కడ ఆగిందో అత్తకు తెలియదు. రాకపోకలు మాత్రం ఆగాయి.

"వాళ్ల కూతురి పెళ్లికి మేం పోలేదు. మీ పెళ్లికి వాళ్లు రాలేదు," అంది అత్త. "నాగభూషణం పోయి వస్తా ఉంటాడు. ఎట్లుందిరా అంటే బాగుంది అంటాడు. వాడికి అంతకన్నా చెప్పడం రాదు."

గిన్నె అడుగున మిగిలిన పిండిని వేలితో తీసి చివరి వడియం పెట్టి కిందికి దిగిపోయింది. మామ రైలును ఎందుకంత వెనకేసుకొస్తున్నాడో నాకప్పుడు అర్థమైంది. కారులో పోతే రైలు మీద నమ్మకం లేనట్టవుతుంది. రైలు మీద నమ్మకం లేకపోతే పలకల సంగతి మళ్లీ పైకి వస్తుంది.

జ్యేష్ఠం దగ్గర పడింది. ఇంకా తేలలేదు. ఒక మధ్యాహ్నం బావా బావమరుదులు భోజనాల దగ్గర మళ్లీ మొదలుపెట్టారు. వడ్డిస్తున్న నేను ఉండబట్టలేక, అత్తమ్మను అడిగినారా అన్నాను. ఇద్దరూ చేతులాపి, అత్త ఆ ఇంట్లో ఉన్నట్టు కొత్తగా తెలిసినవాళ్లలా వంటింటి వైపు చూశారు.

అత్త గడపలోకి వచ్చింది. "నాకు రైలంటే తల తిరుగుతాది," అంది.

"నువ్వు రైలెక్కింది ఎప్పుడు?" అన్నాడు మామ.

"ఎక్కలేదు."

"ఎక్కకుండానే ఎట్ల తెలిసె?"

"స్టేషన్లో నిలబడి చూస్తేనే తిరుగుతాది. ఎక్కితే ఇంకెట్లుంటాదో."

ఆమె స్టేషనుకు పోయింది కూడా ఎప్పుడో నాకు తెలియదు. చిన్నాయన గెలిచినవాడిలా మీసం సవరించుకున్నాడు. మామ కొంతసేపు అన్నంలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, ఆ కారు ఏ దారిన పోతుందని అడిగాడు. కంభం, గిద్దలూరు, కొమరోలు, పోరుమామిళ్ల, బద్వేలు, కడప అంటూ చిన్నాయన మంత్రం చదివినట్టు చదివాడు. మామ మజ్జిగ పోయించుకుని, తాగి, సరే కారే అని లేచిపోయాడు. ఆ సాయంత్రం జట్కాల వాళ్లు ఇద్దరు దుకాణానికి వచ్చి పరామర్శించి పోయారు.

నేను అత్తకు తోడుగా బయలుదేరాను. మా ఆయన దుకాణం చూసుకోవడానికి ఉండిపోయాడు. కారు ఇంటి ముందుకు వచ్చిన పొద్దున వీధంతా బయటికొచ్చింది. డ్రైవరు మాల్యాద్రి నడివయసు మనిషి, కారు తనదే అన్నంత మర్యాదగా తలుపు తెరిచేవాడు. చిన్నాయన ముందు సీట్లో. వెనక మామ ఒక చివర, అత్త ఒక చివర, మధ్యలో నేను, నా ఒళ్లో చక్కిలాల డబ్బా, పులిహోర గిన్నె. మామ గొడుగు విప్పబోతే చిన్నాయన ఆపాడు. కారుకు పైకప్పుందని గుర్తు చేయాల్సి వచ్చింది.

 కంభం దాటేదాకా గతుకు వచ్చినప్పుడల్లా మామ చిన్నాయన వీపు వైపు చూసేవాడు, అంతే. ఒకచోట రోడ్డుకు దగ్గరగా రైలు పట్టాలు కనిపించాయి. వాటి వైపు తల తిప్పి, అవి కనుమరుగయ్యేదాకా చూశాడు.

గిద్దలూరులో చిన్నాయన ఇంట్లో భోజనాలు. తిన్నాక మగవాళ్లు అరుగు మీద నడుం వాల్చారు. మామ మొహం మీద తుండుగుడ్డ కప్పుకున్నాడు. కారు అరుగు పక్కనే వేపచెట్టు నీడలో ఉంది. మాల్యాద్రి దానికి నీళ్లు పోస్తున్నాడు. అత్త నాతో పాటు డబ్బాలు సర్దడానికి వచ్చి, సర్దకుండా అతని దగ్గర నిలబడింది.

"నాయనా, కారన్నాక ఎక్కడన్నా చెడిపోతాదా?" అని అడిగింది.

"చెడిపోతాది తల్లీ. యాడ చెడిపోతాదో మన చేతిలో లేదు."

"చెడిపోయేది కొమరోల్లో చెడిపోతే బాగుండు. ఆడ మా చెల్లెలుంది."

మాల్యాద్రి నీళ్ల చెంబు కింద పెట్టాడు. అత్త మొహం చూశాడు. అత్త కొంగుతో కారు తలుపు మీది దుమ్ము తుడుస్తోంది.

"కొమరోలు దగ్గర గతుకులు ఎక్కువే తల్లీ," అన్నాడు.

అంతే. ఇద్దరూ వేరే మాట మాట్లాడుకోలేదు. నేను డబ్బాలు సర్దుతూనే ఉన్నాను.

కొమరోలు ఊరి మొదట్లోకి వచ్చేసరికి కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మాల్యాద్రి దిగి ముందు మూత ఎత్తి, లోపలికి చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపడంలో ఎంత దుఃఖముందంటే, నిజంగానే చెడిపోయిందేమోనని నాకే అనుమానం వచ్చింది. చిన్నాయన దిగి తానూ తల దూర్చాడు. దేన్నో ముట్టుకుని వేలు కాల్చుకున్నాడు. సామాను కావాలి, గిద్దలూరు పోయి తేవాలి, దొరికితే రేపటికి బాగవుతుంది, దొరక్కపోతే కర్నూలు నుంచి రావాలని మాల్యాద్రి చెప్పాడు. చిన్నాయన మొహం చూడలేకపోయాను. రెండు నెలల వాదమంతా ఆ మూత కింద పొగలు కక్కుతోంది.

మామ కారు దిగలేదు. ఎండకు కారు పెనంలా కాలుతోంది. లోపల గొడుగు నిలువుగా పట్టుకుని, నేరుగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. పరాయి ఊళ్లో కారు ఆగితే కబురు ఎంతసేపట్లో చేరుతుంది? మజ్జిగ ముంత పట్టుకుని ఒకామె ఊళ్లో నుంచి వచ్చింది. అత్త పోలికే, కొంచెం పొట్టి. దగ్గరికి వచ్చి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది.

"చిక్కిపోయినావే అక్కా."

"నువ్వు లావైనావు."

"అవును," అని చెన్నమ్మ ముంత అందించింది. అత్త తాగి, సగం మిగిల్చి, ముంత నాకిచ్చి మామకిమ్మని సైగ చేసింది. మామ తీసుకుని తాగాడు. ఎవరింటి మజ్జిగని అడగలేదు.

వెనకాలే రంగయ్య వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. మామ కూర్చున్న వైపు రాకుండా చిన్నాయన పక్కన నిలబడి, ముందు చక్రం చూస్తూ మాట్లాడాడు. "బామ్మర్దీ, కార్లో ఉన్నోళ్లను ఎండలో కూర్చోబెట్టగాకు. ఇల్లు దగ్గరే."

"నడిచిపోయే దూరమేనా అడుగు నాగభూషణం," అన్నాడు మామ లోపలి నుంచి.

నడిచిపోయే దూరమే. మామ గొడుగు వేసుకుని అందరికన్నా ముందు నడిచాడు, ఇల్లు ఎటో తెలియకుండానే. సందు దగ్గర ఆగాల్సి వచ్చింది.

ఆ ఇంట్లో మేం కొన్నాళ్లు ఉన్నాం. మాల్యాద్రి రోజూ పొద్దున బస్సెక్కి గిద్దలూరు పోయి, సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చి, చెన్నమ్మ పెట్టిన జొన్నరొట్టె, వంకాయ కూర తృప్తిగా తినేవాడు. అక్కచెల్లెళ్లు వంటింట్లోనే ఉండేవాళ్లు. వాళ్ల మాటలు ఏరు పారినట్టు పారుతూ ఉండేవి. అత్త అన్ని మాటలు మాట్లాడగలదని నాకు తెలియదు. ఆమె నవ్వుకు ఒక చప్పుడుంటుందని కూడా తెలియదు.

తోడల్లుళ్ల సంగతి వేరే. ఇద్దరూ ఒకే వసారాలో కూర్చునేవాళ్లు, పక్కపక్క పీటల మీద తినేవాళ్లు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరికీ నేను దొరికాను.

"అమ్మా, మీ మామ పప్పులోకి నెయ్యి ఏసుకుంటాడేమో అడుగు," అనేవాడు రంగయ్య, మోచేయి మామ మోచేతికి తగులుతుండగా.

"ఏసుకుంటానని చెప్పమ్మా," అనేవాడు మామ.

నేను నోరు తెరిచేలోపు నెయ్యి పడిపోయేది. రెండు రోజులకు మామకు రంగయ్య ఇంటి నీళ్లు రుచించాయని రంగయ్యకూ, రంగయ్య పొగాకు మంచి రకమని మామకూ నేనే చెప్పాల్సి వచ్చింది. చిన్నాయన వసారాలో మూడో మూలన కూర్చుని కారును వెనకేసుకొచ్చేవాడు. అతని మాట వినడానికి ఎవరూ లేరు గనక ఇంకా ఎక్కువ మాట్లాడేవాడు.

ఒక సాయంత్రం అట్లాగే అందుకున్నాడు. యంత్రమన్నాక ఒకసారి ఆగుతుంది, మంత్రి ఎక్కినప్పుడు ఒక్కసారీ ఆగలేదట, సామాను రాగానే గాలిలా పోతుందట. రంగయ్య తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. రాయడం ఆపాడు.

"రైల్లో పోయింటే ఈపాటికి గుంతకల్లు దాటేవాళ్లు అన్నా," అన్నాడు.

అన్నా అన్నది మామను.  వంటింట్లో అక్కచెల్లెళ్ల మాటలు ఆగిపోయాయి. మామ రంగయ్య చేతిలోని ఆకు తీసుకుని, మడిచి, నోట్లో పెట్టుకున్నాడు.

"గుంతకల్లేంది తమ్ముడూ, మద్రాసు చేరేవాళ్లం," అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత వాళ్లిద్దరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు. రంగయ్య కూడా రైలు మనిషే. గిద్దలూరు వెళ్లినప్పుడల్లా స్టేషనుకు పోయి రైలు వచ్చి పోయేదాకా నిలబడి చూసి వస్తాడట. ఇద్దరూ కలిసి కారులో ఎన్ని లోపాలున్నాయో పొద్దుపోయేదాకా ఏకరువు పెట్టారు. చిన్నాయన అలిగి మంచం పెరట్లోకి మార్చుకున్నాడు. మరునాడు రంగయ్య, ఆ పలకలు రైల్లో పగిలినాయో, బండిలో పగిలినాయో అని ఏదో మొదలుపెట్టబోతే మామ చెయ్యి అడ్డంగా ఊపాడు. గుంతకల్లులో ఏ రైలు మారాలో చెప్పమన్నాడు.

రంగయ్య రామేశ్వరం చూడలేదు. చూడలేదని అనగానే మామ, అయితే రా, ఇద్దరం గిద్దలూరులో రైలెక్కుదాం అన్నాడు. రంగయ్య అప్పుడే లేచి సంచీ వెతకబోయాడు.

"మరి నేను?" అంది చెన్నమ్మ గడపలో నుంచి.

"నువ్వు నాతో కార్లో రా," అంది అత్త.

"కారు చెడిపోయింది గదా," అన్నాడు మామ.

మాల్యాద్రి వసారా మెట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. తల ఎత్తకుండా, "రేపటికి బాగైతాది సామీ," అన్నాడు. అందరూ అతని వైపు చూశారు. రొట్టె మింగి, "అట్ల అనిపిస్తా ఉంది," అన్నాడు.

మరునాడు పొద్దున మగవాళ్లిద్దరూ రంగయ్య ఎద్దులబండి ఎక్కారు. మామ రెండు చేతులతో బండి అంచు పట్టుకుని కూర్చున్నాడు. మెల్లగా తోలు, మెల్లగా తోలు అని రంగయ్య బండివాడికి చెప్పడం సందు మలుపు దాకా వినిపించింది. ఎవరు ముందు చేరినా మండపం స్టేషన్లో ఆగాలని చెప్పుకున్నాం. బండి కనుమరుగవగానే మాల్యాద్రి కారులో కూర్చున్నాడు. మొదటి తిప్పుకే అది గర్జించింది. చిన్నాయన ఆనందం చూసి నేను తల పక్కకు తిప్పుకున్నాను.

దేవుడున్నాడో, గతుకులే ఉన్నాయో గాని, బద్వేలు దాటాక కారు నిజంగా ఆగింది. ఈసారి మూత ఎత్తిన మాల్యాద్రి మొహంలో దుఃఖం లేదు, భయముంది. అత్త దగ్గరికి వచ్చి, "తల్లీ, ఇది నేను చేసింది కాదు," అన్నాడు. మొదటిది ఎవరు చేశారని చిన్నాయన అడిగాడు. ఎండకు అతనికేదో అయినట్టుందని అత్త చెప్పి, తాగడానికి నీళ్లిచ్చింది. కారు బాగయ్యేదాకా రోడ్డు పక్క చింతచెట్ల కింద అక్కచెల్లెళ్లు దుప్పటి పరుచుకుని, ఒకరికొకరు తల దువ్వుకున్నారు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదన్నట్టే ఉన్నారు. వెల్లూరు దగ్గర దారి తప్పాం. తిరుచిరాపల్లి దగ్గర మళ్లీ తప్పాం. అరవదేశంలో చిన్నాయన నోరు ఎవరికీ అర్థం కాలేదు. చెన్నమ్మ చేతులు తిప్పి అడిగితే మాత్రం అందరూ దారి చెప్పారు. ఆ మనిషికి ఎక్కడైనా నడుస్తుంది. ఆ పైయేడు నా మొదటి కాన్పుకు వచ్చి, మార్కాపురం ఆసుపత్రి నర్సమ్మను కూడా అట్లాగే తన దారికి తెచ్చుకుంది.

మండపంలో మేమే ముందు చేరాం. మగవాళ్ల జాడ లేదు. ఒక రోజు చూశాం. రెండో రోజు అత్త అన్నం సరిగా తినలేదు. చిన్నాయన ఏ రైలు వచ్చినా ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి ప్రతి పెట్టెలో వెతికి వచ్చేవాడు. ఆ పరుగు చూశాక కారు గురించి అతన్ని ఏమీ అనకూడదని నేను నిశ్చయించుకున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం వచ్చిన బండిలో ఒకే కిటికీలో రెండు తలలు కనిపించాయి. మామా, రంగయ్యా మసి పట్టి, ఎవరు ఎవరో గుర్తుపట్టలేనట్టున్నారు. కారునూ మాల్యాద్రినీ మండపంలోనే ఉంచి మేమూ ఆ పెట్టెలోకే ఎక్కుతుంటే, మామ పైనుంచి చెయ్యి చాచి మూటలు అందుకున్నాడు. కారు ఎట్లా వచ్చిందని అడిగాడు. చిన్నాయన తల వంచుకున్నాడు.

"తమ్ముడు దారి పొడుగూతా గుళ్లు చూపించుకుంటా తెచ్చినాడు," అంది అత్త.

మీరెందుకు ఆలస్యమయ్యారని చెన్నమ్మ అడిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రంగయ్య కాసేపు గొణిగి, ఇక దాచలేక చెప్పేశాడు. గుంతకల్లులో మద్రాసు బండి అనుకుని బొంబాయి బండి ఎక్కారు. ఆదోని దాకా పోయి దిగారు. రైలు దారి తప్పలేదని, తప్పు రైలెక్కింది తామేనని మామ గట్టిగా చెప్పాడు. చిన్నాయన నవ్వడం మొదలుపెట్టాడు. కొమరోలు తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి. పెట్టెలోని అరవవాళ్లు కూడా అతన్ని చూసి నవ్వారు.

సముద్రం మీది వంతెన ఎక్కగానే రైలు బాగా నెమ్మదించింది. పక్కన గోడ లేదు, కిందికి చూస్తే నీళ్లే. గాలికి నా కొంగు నిలవడం లేదు. అక్కచెల్లెళ్లు ఒక కిటికీ దగ్గర తలలు ఆనించుకుని కూర్చున్నారు. అత్తకు తల తిరుగుతున్న జాడేమీ లేదు. వాళ్లు సముద్రాన్ని చూస్తున్నారో, మాట్లాడుకుంటున్నారో చెప్పడం కష్టం.

మామ నా పక్కకు జరిగి కూర్చున్నాడు. "అమ్మాయ్, ఆ కారుకు కొమరోల్లో ఏమైంది?" అన్నాడు.

"నాకు కారు సంగతులు తెలీవు మామా."

"గిద్దలూరులో మీ అత్త డ్రైవరుతో మాట్లాడతా ఉండె. నేను అరుగు మీదనే ఉన్నా."

 నిద్రపోతున్నారనుకున్నామని అన్నాను. ఎండకు నిద్ర యాడ పడుతుందని అన్నాడు.

"మరి అప్పుడే ఏమీ అనలేదే మామా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. చెన్నమ్మ ఏదో చెప్తోంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"ఏమన్నా అంటే ఆ డ్రైవరు కొమరోల్లో ఆపకుండా పోయేవాడు గదమ్మా," అని, రంగయ్యకు సముద్రం బాగా కనిపిస్తుందో లేదో చూడటానికి లేచిపోయాడు.